గుజ్జికి కుదిర్చిన ఆంబోతు

పెందుర్తి గౌరీశ్వరికి ఆంబోతు నంబరు చెప్తే చాలు, దానికి పుట్టబోయే దూడ కాలు ఎంత మందం ఉంటుందో తొమ్మిది నెలల ముందే తాడు కోసి పెట్టేస్తుంది. దూడ పుట్టాక కట్టి చూస్తే నువ్వుగింజంత తేడా రాదు. ఒకసారి ఒక దూడ, తాను కొలతకి మించి పెరిగిపోయానని సగం దారిలో తెలుసుకుని, సిగ్గుపడి వెనక్కి వెళ్లిపోయిందట. లోపల కాస్త ఒళ్లు తగ్గించుకుని మళ్లీ బయల్దేరిందట.

ఈ కథని టీకొట్టు టీకొట్టుకీ మోసినవాడు నిసార్. మోయడమే అతని ఉద్యోగం. బండి వెనక కట్టిన క్యానులో, మూత తీస్తే పొగలు కక్కే చలిలో, ఎక్కడెక్కడి ఆంబోతులూ సన్నటి ప్లాస్టిక్ స్ట్రాల్లో గడ్డకట్టి నిద్రపోతుంటాయి. ఏ ఇంట్లో ఆవు ఎదకొచ్చినా ఫోను నిసార్‌కే వస్తుంది. అతను వెళ్లి, గోరువెచ్చటి నీళ్లలో ఒక ఆంబోతుని నిద్రలేపి, ఆవుకి చూలు సూది వేసి వస్తాడు. కాగితాల మీద అతని హోదా గోపాలమిత్ర. ఊళ్లో మాత్రం సూదబ్బాయి.

నిసార్‌ది సిటీలో వన్‌టౌన్. తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆ ఇంట్లో పాలంటే ప్యాకెట్టు. ఆవుకి ముందువైపు పైపళ్లు ఉండవన్న సంగతి నిసార్‌కి ఇరవై రెండో ఏట తెలిసింది. తెలిసిన రోజున రాత్రంతా నిద్రపట్టలేదు. ఇంత పెద్ద జంతువు, ఇంతమంది కళ్లముందే నములుతుంటే, ఈ సంగతి తనకెవరూ చెప్పలేదేమిటా అని. అప్పట్నుంచీ ఏది చూసినా ఎందుకు అని అడగనిదే అతనికి కడుపు నిండదు. అలాంటివాణ్ని గౌరీశ్వరి మూడేళ్లు ఒకే ఒక్క ప్రశ్న మీద నిలబెట్టి ఉంచింది.

మొదటిసారి ఆమె ఆవుకి సూది వేసి, ఖాళీ స్ట్రా పారేయబోతుంటే, ఆమె అరచెయ్యి చాపింది. ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, మీద అచ్చేసిన నంబరుని పెదాలు కదుపుతూ చదువుకుని, కడిగి, కొంగున తుడిచి, పశువులశాల దూలానికి వేలాడదీసింది. అప్పుడు పైకి చూశాడు నిసార్. ఆ దూలం నిండా స్ట్రాలే. చాలావాటికి ఒక్కో నల్లతాడు ముడేసి ఉంది. కొన్నిటికి రెండు, మూడు. గాలికి అన్నీ కలిసి చిన్నగా ఊగుతున్నాయి.

నిసార్ గొంతు తగ్గించి, ఇదేదో మొక్కా పిన్నీ అని అడిగాడు. ఉండనీ బాబూ అంది ఆమె, గడ్డి విదిలిస్తూ. ఆ జవాబు మూడేళ్లు అలాగే నిలబడింది. ఈలోగా నిసార్ దాని చుట్టూ చాలా కట్టాడు. చేతబడి అన్నాడు ఒకసారి. కాదు, సింహాచలం అప్పన్నకి కోడెల్ని ఇస్తానని మొక్కి, ఎన్ని బాకీ ఉన్నాయో గుర్తుకోసం కట్టుకుంటోంది అన్నాడు. గౌరీశ్వరి భర్త గురునాథరావుని అడిగితే ఆయన ఇంకా తేలిగ్గా కొట్టేశాడు. తన పెళ్లాం ఏదీ పారేయదనీ, తనని కూడా అందుకే ఇంట్లో ఉంచిందనీ చెప్పాడు.

గురునాథరావు పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యాడు. ముప్ఫై నాలుగేళ్లు ఓడల్ని తాళ్లతో గట్టుకి కట్టిన మనిషి. ఏ వస్తువుని చూసినా ముందు అది ఎన్ని టన్నులో అంచనా వేస్తాడు. కొత్తగా పెళ్లయిన మేనకోడల్ని చూసి కూడా అలాగే ఒక అంకె చెప్పి, రెండు నెలలు ఆ ఇంటి గుమ్మం తొక్కలేకపోయాడు. ఆయనకి ఏదైనా పెద్దదైతేనే నచ్చుతుంది. పెద్ద ఓడ, పెద్ద చేప, పెద్ద దూడ.

చుట్టూ ఉన్న పొలాలు కాలనీలైపోయాక కూడా ఆ సందులో, రెండు అపార్టుమెంట్ల మధ్య, గౌరీశ్వరి శాల మిగిలింది. పైఅంతస్తుల వాళ్లు పేడ వాసన గురించి సోమవారం ఫిర్యాదు చేసి, మంగళవారం గిన్నె పట్టుకుని జున్నుపాలకి వస్తారు. మిగతా పాలు రోజూ పొద్దున్నే గురునాథరావు బండి మీద ద్వారకానగర్ వెళ్తాయి, ఒక కోచింగు సెంటరు హాస్టలుకి. అక్కడ వచ్చే ర్యాంకుల్లో సగం తమ ఆవులవేనని ఆయన ఉద్దేశం.

శాలలో ఉన్న ఐదింటిలో నాలుగు పాడావులు. ఐదోది గుజ్జి. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు మెడ చాచి ఉంటుంది కాబట్టి ఆ పేరు. గౌరీశ్వరి మొట్టమొదట కొనుక్కున్న ఆవు మాలచ్చి. దాని సంతానంలో ఆడది ఇదొక్కటే మిగిలింది. మాలచ్చి నిరుడు వేసవిలో పోయింది. గుజ్జికి అక్క ఒకటుండేది, తెల్లకాలు అని. దాని మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నిసార్ ఒకసారి తెలియక ఎత్తితే, గురునాథరావు గబుక్కున లేచి, అవసరం లేకపోయినా కుడితి తొట్టి కడగడం మొదలుపెట్టాడు.

గుజ్జి ఎదకొచ్చిందని రెండుసార్లు నిసార్ క్యానుతో సహా వచ్చి ఖాళీగా వెళ్లాడు. రెండుసార్లూ గౌరీశ్వరి గూటానికి తగిలించిన తాడు తీసి పెయ్య రొమ్ము చుట్టూ వేసింది. ఆ తాడుకి ఒకచోట ముడి ఉంది. ముడి దాకా ఒళ్లు రాలేదు. ఇంకా ఈడు రాలేదని చెప్పి, టీ ఇచ్చి పంపేసింది. పిల్ల వద్దంటోందా, తల్లి వద్దంటోందా అని నిసార్ వేళాకోళం చేస్తే, ముడి వద్దంటోందని చెప్పింది.

మూడోసారి, దసరా వెళ్లిన వారానికి, పొద్దున్న ఆరింటికి ఫోను. గుజ్జి తెల్లారుజాము నుంచి అరుస్తోందట, పక్క ఆవు మీద ఎక్కుతోందట. ఈసారి ముడి దాటిందట. పొద్దున్న ఎదకొస్తే సాయంత్రం సూది పడాలి. ఆ రోజు జారిపోతే మళ్లీ మూడు వారాలు ఆగాలి.

నిసార్ ఎనిమిదింటికల్లా వాలాడు. క్యానులో కొత్త సరుకు ఉంది. ఆ సరుకులో ఒక ఆంబోతు తల్లి ఇచ్చే పాలు వింటే కోచింగు సెంటరు మొత్తానికి ర్యాంకులు ఖాయం. నలుపూ తెలుపూ మచ్చలు, ఫోనులో ఫోటో చూస్తే గోడంత ఉంది. గురునాథరావు కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఆ ఫోటోని వేళ్లతో సాగదీసి చూశాడు. అక్కడికక్కడే దానికి కంటైనరు అని పేరు పెట్టేశాడు. ఇంకేటి ఆలోసిస్తన్నావ్, ఎయ్యించీ అని పెళ్లాంతో అన్నాడు.

గౌరీశ్వరి ఫోటో వైపు చూడలేదు. నంబరు అడిగింది. నిసార్ చెప్పాడు. ఆమె తల ఎత్తి దూలం వైపు చూసి, లేదంది.

“ఏటి లేదు పిన్నీ?”

“ఆడి తాడు లేదు నా దగ్గర. నాలుగు పదమూడు నంబరోడు కావాల నాకు.”

నిసార్‌కి అర్థం కాలేదు. కానీ ఆమె భయం మాత్రం పట్టుకున్నాడు. తొలిచూలు పెయ్యకి పెద్ద దూడ పడితే కష్టమని అతనికీ తెలుసు, శిక్షణలో చెప్పారు. అందుకే తెలివిగా ఇంకో దారి చూపించాడు. చిన్న దూడ కావాలంటే చిన్న ఆంబోతునే పట్టాలి కదా అని, మోకాళ్లెత్తు పుంగనూరు గిత్త సరుకు కూడా తన దగ్గర ఉందన్నాడు. అది మంచం కింద దూరి నిద్రపోయేంత ఉంటుందనీ, దాని దూడ జేబులో పడుతుందనీ చెప్పాడు. గురునాథరావు ఉడుక్కున్నాడు. జేబులో పట్టే దూడ రేపు పెరిగి చెంచాడు పాలిస్తుందా అన్నాడు. గౌరీశ్వరి దానికీ పైకే చూసి, అదే మాట అంది. తాడు లేదు.

అప్పుడు నిసార్ క్యాను మీద కూర్చుండిపోయాడు. ఈ తాడేమిటో చెప్పకపోతే సూదే వెయ్యనన్నాడు. మూడేళ్ల నుంచి అడుగుతున్నానన్నాడు. ఆమె భర్త వైపు చూసింది. గురునాథరావు కుడితి తొట్టి వైపు అడుగేశాడు.

“ఎక్కడికీ ఎల్లకు. కూకో. నువ్వు కూడా ఇను,” అంది గౌరీశ్వరి. తర్వాత దూలం చివర విడిగా వేలాడుతున్న ఒక జత దింపింది. ఒక స్ట్రా, దానికి రెండు నల్లతాళ్లు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.

ఆమె చెప్పింది తక్కువ. నిసార్ తర్వాత జనానికి చెప్పుకుంది ఎక్కువ. రెండూ కలిపి వడగడితే సంగతి ఇది. దూడ పుట్టగానే దిష్టి తగలకుండా ముందరి కాలికి, గిట్ట పైన, నల్లతాడు కట్టడం ఆ ఇళ్లలో ఉన్నదే. దూడ దిగాక హడావుడి ఎందుకని గౌరీశ్వరి ముందురోజే ఒక తాడు కోసి కొంగున కట్టుకునేది. ఐదేళ్ల కిందట తెల్లకాలు తొలిచూలుకి కూడా అలాగే కోసింది. ఆ ఆంబోతుని ఆమే ఎంచింది, అప్పటి సూదాయన చూపించిన ఫోటో చూసి. సన్నగా, పొడుగ్గా, నాజూగ్గా ఉంది, దీనికైతే చిన్న దూడలు పుడతాయనుకుంది. దూడ భుజాల దగ్గర ఇరుక్కుపోయింది. గురునాథరావు, ఇంకో ముగ్గురు కలిసి, పోర్టులో లాగినట్టు తాడేసి లాగారు. దూడ చచ్చి బయటికొచ్చింది. తెల్లకాలు మళ్లీ లేవలేదు. చచ్చిన దూడకి దిష్టి ఏముంటుంది, అయినా కొంగున ఉన్న తాడు తీసి ఆ కాలికి చుట్టబోయింది గౌరీశ్వరి. రెండు కొసలూ కలవలేదు. రెండు వేళ్ల ఎడం ఉండిపోయింది. కలిసేంత తాడు ఇంకోటి కోసి, రెండూ దాచింది.

అప్పట్నుంచీ ఆ వీధిలో ఏ ఆవు ఈనినా గౌరీశ్వరి నల్లతాడు పట్టుకుని వెళ్తుంది. దిష్టి తాడు వద్దనేవాళ్లెవరు? కాలి చుట్టూ సరిగ్గా సరిపోయేలా కోసి కడుతుంది. ఇరవై ఒకటో రోజున విప్పి నీళ్లలో కలపాలి. ఆమె కలపదు. ఏ ఆంబోతు దూడో అడిగి, ఆ స్ట్రాకి ముడేస్తుంది. మొత్తం ముప్ఫై ఎనిమిది తాళ్లు. సన్నటి కాలు ఉన్న దూడ జారినట్టు వచ్చేస్తుంది, లావు కాలు దూడకి మనుషులు కావాలి. తాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవడి దూడలు ఎలాంటివో కళ్లకి కనపడుతుంది. నాలుగు వందల పదమూడుకి తొమ్మిది తాళ్లున్నాయి. తొమ్మిదీ పొట్టివే. దానికి గౌరీశ్వరి పొట్టోడు అని పేరు పెట్టుకుంది.

నిసార్ లేచి నిలబడి తాళ్లన్నీ ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. శిక్షణలో, దూడ బరువుని బట్టి ఆంబోతుకి మార్కులేస్తారని ఒక మధ్యాహ్నం ఎవరో చెప్పారు, అతను ఆ మధ్యాహ్నం కునుకు తీశాడు. ఆ పాఠమంతా ఇక్కడ దూలానికి వేలాడుతోంది. వెంటనే ఫోనులో నాలుగు వందల పదమూడు బొమ్మ వెతికాడు. దొరికింది. చూసి నోరు తెరిచాడు.

పొట్టోడు పొట్టోడు కాదు. కంటైనరుకి అన్నలా ఉన్నాడు. మూపురం నుంచి తోక దాకా కొండ.

“పిన్నీ, ఈడేటి ఇంతున్నాడు?” అని ఫోను ఆమె మొహానికి అడ్డంపెట్టాడు. గురునాథరావు మళ్లీ కళ్లద్దాలు సర్దుకుని ముందుకొచ్చాడు.

ఆమె ఫోనుని చేత్తో పక్కకి జరిపింది. “ఆడెంతుంటే నాకేటి? నా పెయ్య కడుపులోంచి రావాల్సింది ఆడు కాదు. ఆడి దూడ. ఫోటో సూసి ఓపాలి సంపీసినాను. మళ్లీ సూడను.”

గుజ్జి అరుస్తూనే ఉంది. గురునాథరావు నెమ్మదిగా, అయినా కంటైనరైతే ఆ పాలు, ఆ సైజు, అని ఏదో మొదలుపెట్టాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

“నువ్వే సెప్పినావు కదా. ఓడొస్తే ముందేటి సూస్తారు? నీళ్లలోకి ఎంత దిగిందో సూస్తారు. మన కాలవ లోతెంతో సూస్తారు. కాలవ సాలకపోతే ఎంత పెద్ద ఓడైనా బయటే లంగరేసి కూకోబెడతారు. ఈ కాలవ ఇంకా సిన్నది. రెండో ఈతకి తీసుకురా నీ కంటైనర్ని, నానేటీ అనను.”

ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగం అడ్డొచ్చింది. గురునాథరావు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

చిక్కల్లా, నిసార్ క్యానులో పొట్టోడి సరుకు లేదు. అయిపోయి ఆర్నెల్లయింది. ఇంకో ఇల్లయితే ఉన్నదే వేసి నంబరు అదేనని చెప్పేవాడు. కానీ ఆ ఇల్లాలు ఖాళీ స్ట్రా అడుగుతుంది, వెలుతురుకి పెట్టి చదువుతుంది. పైగా నిసార్‌కే ఇప్పుడు పదో తాడు చూడాలని ఉంది. ఊళ్లో ఉన్న సూదబ్బాయిలందరికీ ఫోన్లు చేశాడు. మధ్యాహ్నం దాటాక అడివివరం వైపు పనిచేసే వీర్రాజు దొరికాడు. తన క్యాను అడుగున ఆ నంబరువి రెండున్నాయన్నాడు. ఆ ముసలి సరుకు ఎవరికి, నీకా అని అడిగాడు. నిసార్ ఆ వేళాకోళాన్ని కూడా మింగి, తన క్యాను కట్టుకుని సింహాచలం కొండ చుట్టూ తిరిగి వెళ్లి, ఆ రెండూ దింపుకుని, బస్సుల వెనక పొగ పీల్చుకుంటూ ఐదున్నరకి పెందుర్తి చేరాడు. నీళ్లు కాచి ఉన్నాయి. గౌరీశ్వరి గుజ్జి మెడ పట్టుకుంది. పని అయ్యాక అరచెయ్యి చాపింది. చదువుకుంది. కట్టింది.

తర్వాత తొమ్మిది నెలలూ నిసార్ ఆ సందులోకి దారి తప్పినట్టు వస్తూనే ఉన్నాడు. మూడో నెలలో చెయ్యి పెట్టి చూసి చూలు నిలిచిందని చెప్పాడు. ఏడో నెల దాటాక గురునాథరావు దూడ పెద్దదవ్వాలని పెయ్యకి దొంగచాటుగా అదనపు తవుడు పెడుతుంటే పట్టించింది కూడా అతనే. దాంతో ఆయన వారం రోజులు నిసార్‌తో మాట్లాడలేదు. గౌరీశ్వరి మాత్రం పెయ్యకి ఎక్కువా పెట్టలేదు, తక్కువా పెట్టలేదు. రోజూ సాయంత్రం ఆ సందు చివరిదాకా నడిపించి తెచ్చేది. ఆఖరి వారంలో పొట్టోడి తొమ్మిది తాళ్లలో పొడుగుదాన్ని ఎంచి, దాని కొలతకి కొత్త తాడు కోసి కొంగున కట్టుకుంది.

జులైలో, ఒక ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, గుజ్జి పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుంది. ఉమ్మనీటి తిత్తి పగిలింది. నిసార్ అక్కడే ఉన్నాడు. డాక్టరుకి ఫోను చేసి ఉంచాడు. ఆయన ఇంకో చోట ఉన్నారు, గంటన్నర పడుతుంది. గురునాథరావు ఎక్కడినుంచో ఒక తాడు తెచ్చాడు. నైలాను తాడు, ఓడని కట్టొచ్చు.

రెండు గిట్టలు కనపడ్డాయి. తెల్లగా, మెత్తగా. నిసార్ వంగి, కళ్లతోనే కొలవబోయాడు. అంతలో అవి లోపలికి వెళ్లిపోయాయి. మళ్లీ కనపడ్డాయి. మళ్లీ వెళ్లిపోయాయి. నాలుగోసారి కూడా అదే. గుజ్జి మెడ చాచి, ఈసారి నిజంగానే ఏదో అడుగుతున్నట్టు చూసింది.

గురునాథరావు తాడు ఉచ్చు బిగించాడు. మొహం పాలిపోయి ఉంది. తెల్లకాలు నాటి మధ్యాహ్నం ఆయన చేతుల్లోకి వచ్చేసింది.

“ఒగ్గీ,” అంది గౌరీశ్వరి. ఆయన తాడు వదల్లేదు. ఆమె వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. “అది దారి సూసుకుంటంది. పోయిన పాలి గిట్టలు బయటికొచ్చి ఆగిపోనాయి, ఎనక్కెల్లలేదు, ముందుకి రాలేదు. ఇది కదులుతంది. కదిలినంతసేపూ ముట్టుకోకు.”

“కదలకపోతే?”

“అప్పుడు నానే లాగుతాను. నీ సేతికియ్యను.”

ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో పైఅంతస్తు బాల్కనీల నిండా జనం చేరారు. ఆరోసారి గిట్టలతోపాటు ముక్కు వచ్చింది. ముక్కు తర్వాత నుదురు ఆగింది. గుజ్జి ఒక్క మూలుగు మూలిగింది, ఆ మూలుగుకి కంచరపాలెంలో రైలాగిందని నిసార్ ఇప్పటికీ చెప్తాడు. భుజాలు దిగాయి. మిగతాది దానంతటదే జారి గడ్డి మీద పడింది. పెయ్యదూడ. తల విదిల్చి తుమ్మింది.

నిసార్ డాక్టరుకి అక్కర్లేదని చెప్పడానికి సందు మొగలోకి పరిగెత్తాడు, బాల్కనీల గోలకి లోపల మాట వినపడదు. తిరిగి వచ్చేసరికి గుజ్జి లేచి నిలబడి దూడని నాకుతోంది. దూడ ముందరి కాలికి నల్లతాడు కట్టి ఉంది. చక్కగా, వదులూ బిగువూ లేకుండా. గురునాథరావు ఆ నైలాను తాడుని చుట్ట చుట్టి దాని మీదే కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. దూడ ఎన్ని టన్నులో ఆయన చెప్పలేదు.

అదిగో, అక్కడ పుట్టింది కథ. తొమ్మిది నెలల ముందు కోసిన తాడు, నువ్వుగింజ తేడా లేకుండా సరిపోయింది. గిట్టలు వెనక్కి వెళ్లడం సిగ్గయింది. నెల తిరిగేసరికి పెందుర్తి జంక్షను టీకొట్టులో నిసార్ దాన్ని పాతికోసారి చెప్తున్నాడు. కొత్త వినేవాళ్లు నలుగురు దొరికారు. సబ్బవరం వైపు రైతొకాయన, తన పెయ్యకి కూడా ఆ అమ్మ చేత తాడు కోయించాలని అడ్రసు అడుగుతున్నాడు. అంతలో గౌరీశ్వరి తవుడు బస్తా కొనుక్కుని అటు వచ్చింది. నిసార్ గర్వంగా, ఈవిడే అన్నాడు. రైతు లేచి దండం పెట్టి, ముందే తాడు కోసేస్తారటగా అమ్మా, నువ్వుగింజ తేడా రాదటగా అన్నాడు.

ఆమె బస్తా చంక మార్చుకుంది.

“ముందు కోసిన తాడు సరిపోలేదు బాబూ. అర వేలు తక్కువొచ్చింది. దూడ కాలికున్నది మళ్లీ కోసి కట్టింది. మీ ఊళ్లో ఏ ఆంబోతు దూడలు తేలిగ్గా పుడతన్నాయో నాకు తెల్దు. పుట్టినప్పుడల్లా కొలుసుకోండి.”